క్రీమ్ బ్లష్, స్టిక్ బ్లష్: లోపల ఉన్న సరుకేమిటి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పేస్తాను, తర్వాత వచ్చి చదివేవాళ్లకు వెతుక్కునే పని ఉండదు. మీది జిడ్డు చర్మం, చామనఛాయ, గడ్డం దగ్గర అప్పుడప్పుడు మొటిమలు. కూకట్‌పల్లి నుంచి మాధాపూర్‌కు స్కూటీ మీద వెళ్తారు, ముఖానికి స్కార్ఫ్ కట్టుకుంటారు. శ్రావణంలో అక్క పెళ్లి. డబ్బాలో వచ్చే క్రీమ్ బ్లష్ ఒకటి, స్టిక్ బ్లష్ ఒకటి చూసి పెట్టుకుని రెండింటి లేబుళ్లూ ఓపిగ్గా టైపు చేశారు. జిడ్డు చర్మానికి స్టిక్ వద్దు, మైనంతో రంధ్రాలు మూసుకుపోతాయి, క్రీమే తేలిక అని పార్లర్‌లో చెప్పారట. అమ్మగారు కూడా అదే వాడతానంటున్నారు, ఇంట్లో అందరూ శాకాహారులు. ఏది కొనాలి?

నేను జీడిమెట్ల వైపు ఒక యూనిట్‌లో లిప్‌స్టిక్, కాజల్, బ్లష్ లాంటి రంగు సరుకుల ఫార్ములాలు చూస్తుంటాను. మీరిచ్చిన రెండు జాబితాలు చదివాక నా మాట ఇది: మీకు స్టిక్, అమ్మగారికి క్రీమ్. పార్లర్‌లో చెప్పినదానికి సరిగ్గా తలకిందులు. అయితే ఆ స్టిక్‌లో మీ ఇంట్లో ఇబ్బంది పెట్టే రంగు ఒకటుంది, దాని సంగతి కింద చెప్తాను.

క్రీమ్, స్టిక్ అనేవి సరుకును ఏ రూపంలో అమ్ముతున్నారో చెప్పే పేర్లు, అంతే. రెండింట్లోనూ ఉండేవి అవే నాలుగు వర్గాలు: నూనెలు లేదా సిలికోన్లు, మైనాలు, తెల్లటి పొడులు, రంగులు. స్టిక్ తనంతట తాను నిలబడాలి, రుద్దితే విరగకూడదు, అందుకని మైనం ఎక్కువ పడుతుంది. మామూలుగా 15 నుంచి 25 శాతం మధ్య ఉంటుంది. డబ్బాకు గోడలున్నాయి కాబట్టి క్రీమ్‌లో అందులో సగమో, ఇంకా తక్కువో సరిపోతుంది. పెద్ద తేడా ఇదొక్కటే.

బుగ్గ మీదకు వచ్చాక అది ఎలా నడుచుకుంటుందన్నది వేరే లెక్క. మేం వాటిని మూడు జాతులుగా చూస్తాం. మొదటిది నూనె, మైనం కలిసినది. తడిగా మెరుస్తుంది, ఎంతసేపైనా ఆరదు, వేలు పెడితే వేలికి వస్తుంది. రెండోది సిలికోన్, పొడి కలిసినది. రాసేటప్పుడు మెత్తగా జారుతుంది, నిమిషంలో పొడిపొడిగా కూర్చుంటుంది. మూస్ అని, క్రీమ్ టు పౌడర్ అని అమ్మేవి చాలావరకు ఇవే. మూడోది ఎమల్షన్, అంటే నీళ్లూ నూనె విడిపోకుండా కలిపినది. లేబుల్‌లో మొదటి పేరు ఆక్వా అని ఉంటుంది. ట్యూబుల్లో, డ్రాపర్ సీసాల్లో, కొన్ని డబ్బాల్లో ఇది దొరుకుతుంది. స్టిక్కుల్లో నీళ్లుండేవి తక్కువ. ఉంటే అవి సోడియం స్టియరేట్‌తో గట్టిపరిచిన జెల్ స్టిక్కులై ఉంటాయి. డబ్బా క్రీమ్ ఈ మూడు జాతుల్లో దేనికైనా చెందొచ్చు, స్టిక్ చాలావరకు మొదటి రెండింటిలో ఏదో ఒకటి అవుతుంది. అందుకే క్రీమ్ మంచిదా స్టిక్ మంచిదా అని అడిగితే జవాబు తేలదు. లేబుల్‌లో మొదటి ఐదు పేర్లు చూస్తే తేలిపోతుంది.

ముందు మైనం గురించి. దీన్ని చూసి భయపడేవాళ్లు ఎక్కువ, అర్థం చేసుకున్నవాళ్లు తక్కువ.

కరిగిన మైనం చల్లారేటప్పుడు సన్నని స్ఫటికాలుగా గడ్డకట్టి ఒకదానికొకటి అల్లుకుంటుంది. ఆ ఖాళీల్లో నూనె ఇరుక్కుని ఉంటుంది, ఇడ్లీలో సాంబారు నిలిచినట్టు. స్టిక్‌ను బుగ్గ మీద రుద్దినప్పుడు ఆ అల్లిక పైపొర చెదిరి, రంగుతో సహా నూనె బయటకు వస్తుంది. చర్మం పైభాగం ఉష్ణోగ్రత 32, 33 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ వేడికే, ఆ రాపిడికే స్టిక్ లొంగాలి. అదే స్టిక్ మే నెల హైదరాబాద్‌లో 41 డిగ్రీల ఎండ కాసే రోజున హ్యాండ్‌బ్యాగులో వంగకుండా నిలబడాలి. ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి పడవు. ఫార్ములా రాసేవాడి తలనొప్పంతా ఇక్కడే.

ఇందుకోసం రెండు మూడు మైనాలు కలుపుతాం. తేనెమైనం 62 నుంచి 65 డిగ్రీల మధ్య కరుగుతుంది, సాగే గుణం ఇస్తుంది. మెక్సికో ఎడారి పొద నుంచి వచ్చే క్యాండెలిల్లా 68 నుంచి 73 మధ్య కరుగుతుంది, గట్టిదనం, మెరుపు ఇస్తుంది. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల మీద పేరుకునే కార్నాబా 82 నుంచి 86 దాకా కరగదు. కొంచెం వేసినా స్టిక్ బిగుసుకుంటుంది. ఎక్కువైతే మాత్రం గీసుకుపోయినట్టు ఉంటుంది, రంగు దిగదు. ఇవి కాక ఓజోకెరైట్, మైక్రోక్రిస్టలైన్ మైనం, పాలిఎథిలీన్, సింథటిక్ మైనం అని లేబుళ్లలో కనబడతాయి. నూనె పట్టి ఉంచడంలో ఇవి చాలా నమ్మకమైనవి. సింథటిక్ అన్న మాట చూసి ముఖం తిప్పుకోనక్కర్లేదు. నూనెలో కలిశాక మొత్తం మిశ్రమం మెత్తబడే వేడి ఈ అంకెల కంటే బాగా కిందికి దిగుతుందని కూడా గుర్తుంచుకోండి. కార్నాబా ఉంది కాబట్టి 80 డిగ్రీల దాకా ఢోకా లేదనుకుంటే పొరపాటు.

మన ఊళ్లో ఇంకో చిక్కు ఉంది. బయట 41, మీ ఆఫీసులో ఏసీ 23. బయటి వేడికి తట్టుకునేలా చేసిన స్టిక్ ఏసీలో బుగ్గ మీద లాగుతుంది. చలిదేశాల కోసం చేసిన మెత్తని స్టిక్ ఏసీలో వెన్నలా ఉన్నా బయట మెడ వాలుస్తుంది. ఇక్కడి బ్రాండ్ల స్టిక్కులు పొడిగా ఉంటాయని, విదేశీవి హాయిగా ఉంటాయని వీడియోల్లో అనేవాళ్లు ఈ సంగతి చెప్పరు. అది నాణ్యత తక్కువై కాదు, వేసవిని దృష్టిలో పెట్టుకుని మైనం పెంచడం వల్ల.

మేం స్టిక్కులను 45 డిగ్రీల ఓవెన్‌లో వారాల తరబడి ఉంచి చూస్తాం. బయటకు తీసినప్పుడు మొదట చూసేది స్టిక్ పక్కల మీద చిన్న చిన్న నూనె చుక్కలు పట్టాయా అని. చెమట పట్టిందంటాం. అల్లిక నూనెను పట్టి ఉంచలేకపోతోందని దానర్థం. మీ దగ్గరున్న స్టిక్‌కు ఒకసారి చెమట పడితే కంగారు పడకండి, టిష్యూతో అద్దేసి చల్లని చోట పెట్టండి, పాడైనట్టు కాదు. పదేపదే పడితే మాత్రం పైన మైనం మిగిలి, నూనె పోయి, రంగు దిగడం మానేస్తుంది. ఎండలో నిలిపిన స్కూటీ డిక్కీలో ఏ స్టిక్కూ పెట్టకండి. మేం ఓవెన్‌లో పెట్టే వేడిని ఆ డిక్కీ సులువుగా దాటేస్తుంది.

షియా బటర్, కోకో బటర్ ఎక్కువ ఉన్న క్రీముల్లో ఇంకో రకం తంటా. ఇవి ఒంటి వేడి దగ్గర్లోనే కరిగేవి. ఎండకు కరిగి, రాత్రి నెమ్మదిగా గడ్డకడితే లోపల ఇసుక రేణువుల్లాంటి గింజలు తయారవుతాయి. వేలికి గరగర తగులుతుంది. బూజు అనుకుని పారేసేవాళ్లున్నారు. అది కొవ్వు స్ఫటికమే, చర్మానికి హాని లేదు. వాసన మారితే మాత్రం పారేయాల్సిందే, అది వేరే సంగతి.

ఇక రంధ్రాలు మూసుకుపోవడం గురించి. మైనం మీద ఉన్న అపవాదు నిజానికి కొన్ని నూనెల మీద ఉండాలి. 1972లో అమెరికా చర్మవైద్యులు క్లిగ్‌మన్, మిల్స్ మేకప్ సామగ్రి వల్ల వచ్చే మొటిమలకు ఆక్నీ కాస్మెటికా అని పేరు పెట్టారు. ఏ పదార్థం ఎంత మూసేస్తుందని సున్నా నుంచి ఐదు దాకా మార్కులు వేసే జాబితాలు ఇంటర్నెట్‌లో తిరుగుతుంటాయి కదా, వాటికి మూలం కుందేలు చెవి లోపలి చర్మం మీద చేసిన పరీక్షలు. ఒక్కో పదార్థాన్ని విడిగా రాసి చూశారు. కుందేలు చెవి మనిషి బుగ్గ కంటే చాలా త్వరగా స్పందిస్తుంది. పైగా పది పదార్థాల మధ్య కలిసిపోయినప్పుడు ఒక్కటి విడిగా చూపిన గుణమే చూపాలని లేదు. అందుకని ఆ మార్కులు కూడి తీసివేసి కొనడం దండగ. అయితే ఆ జాబితాల్లో ఒక పేరును మాత్రం నేను మొటిమల చర్మానికి పక్కన పెడతాను: ఐసోప్రొపైల్ మిరిస్టేట్. ఇది పల్చగా, జిడ్డు తెలియకుండా జారుతుంది కాబట్టి ఫార్ములాల్లో అందరికీ ఇష్టమే. లేబుల్ చివర్లో ఉంటే పట్టించుకోకండి. రెండో పేరో, మూడో పేరో అయితే ఆలోచించండి. కొబ్బరినూనె, కోకో బటర్ కూడా అంతే.

కాప్రిలిక్ కాప్రిక్ ట్రైగ్లిజరైడ్ అంటే కొబ్బరి లేదా పామ్ గింజ నూనెలోని కొన్ని కొవ్వు ఆమ్లాలతో తయారుచేసిన తేలికైన నూనె. పేరు చూసి కొబ్బరినూనే కదా అనుకోవద్దు, అందులోని బరువైన ఆమ్లాలు ఇందులో ఉండవు. స్క్వాలేన్ అనే నూనె కూడా మొటిమల చర్మానికి నెమ్మదైనదే. ఆముదం సంగతి వేరు. అది చిక్కగా ఉంటుంది గానీ రంగు పొడిని తడిపి విడదీయడంలో దానికి సాటి లేదు. రంగును ఆముదంలో కలిపి మూడు రోలర్ల మిల్లులో మళ్లీమళ్లీ నూరతాం. నూరింది చాలకపోతే గడ్డలు మిగులుతాయి. దీన్ని మీరు ఇంట్లోనే పట్టుకోవచ్చు. కొంచెం బ్లష్ తెల్ల కాగితం మీద వేలితో గట్టిగా లాగండి. ఆ గీతలో ముదురు ఎరుపు చుక్కలు తోకల్లా సాగితే రంగు సరిగ్గా నలగలేదన్నమాట. బుగ్గ మీద చారలు పడేది దానివల్లే, మీ చేతివాటం వల్ల కాదు.

సిలికోన్ల మీద కూడా అపనమ్మకం ఉంది, ప్లాస్టిక్ పూసుకున్నట్టేనని. డైమెథికోన్ అనే సిలికోన్ అణువులు పెద్దవి, చర్మంలోకి దిగవు, మొటిమలతో వాటికి పెద్ద సంబంధం లేదు. జిడ్డు చర్మానికి ఇవి నయం కావడానికి కారణం వేరే ఉంది. మన చర్మం వదిలే జిడ్డు కూడా నూనే. నూనె, మైనం జాతి బ్లష్ అందులో మెల్లగా కలిసిపోయి మధ్యాహ్నానికి ముక్కు పక్కకు జారుతుంది. డైమెథికోన్ ఆ జిడ్డులో అంత తేలిగ్గా కలవదు. దానికి తోడు ట్రైమెథైల్‌సైలాక్సీసిలికేట్ అనే నోరు తిరగని రెసిన్, అంటే పొర కట్టే బంకలాంటి పదార్థం ఉంటే, ఆరాక రంగు మీద పల్చని పొర కడుతుంది. ఐసోడొడెకేన్, సైక్లోపెంటాసైలాక్సేన్ అనేవి ఆరిపోయే ద్రవాలు. రాసేటప్పుడు జారుడు ఇచ్చి కొన్ని నిమిషాల్లో ఆవిరైపోతాయి, రెసిన్, రంగు మిగులుతాయి. ఇలాంటివాటికి మూత క్లిక్‌మనేదాకా నొక్కాలి. సగం మూసి వదిలేస్తే కొన్నాళ్లకు ఎండి పగుళ్లిస్తుంది.

పొడుల గురించి ఎక్కువ చెప్పేది లేదు. సిలికా గుండ్రటి రేణువులు జిడ్డు పీలుస్తాయి, గీతలను కాస్త మసకబారుస్తాయి. మైకా అంటే మన అభ్రకమే, నెల్లూరు వైపు గూడూరు గనులు ఒకప్పుడు దీనికి పేరుపడ్డవి. సన్నగా దంచితే నునుపు, టైటానియం పూత వేస్తే మెరుపు. చెంప మీద గుంటలు, మచ్చలు ఉన్నవాళ్లకు మెరుపు మైకా వాటినే ఎత్తి చూపిస్తుంది.

రంగుల దగ్గర మాత్రం కాసేపు ఆగుదాం. చామనఛాయకు బ్లష్ నప్పకపోవడానికి క్రీమో స్టిక్కో కారణం కాదు, సిఐ 77891. సిఐ అంటే కలర్ ఇండెక్స్, లేబుళ్లలో రంగులకు వాడే నంబరు. ఈ నంబరు టైటానియం డయాక్సైడ్‌ది, తెల్ల రంగు. లేత గులాబీ, బేబీ పింక్, పీచ్ షేడ్లు రావాలంటే ఎరుపులో తెలుపు కలపక తప్పదు. తెల్లని చర్మం మీద అది గులాబీగా కనబడుతుంది, మన చర్మం మీద బూడిద రంగు తేలుతుంది. షాపులో పసుపు లైటు కింద ఇది తెలియదు. మణికట్టు లోపల పల్చగా రాసి, పది నిమిషాలు ఆగి, బయటి వెలుతురులో చూడండి. నూనె కాస్త ఇంకాక తెలుపు బయటపడుతుంది. ముదురు కోరల్, ఇటుక ఎరుపు, నేరేడు, వైన్ లాంటి షేడ్లలో తెలుపు తక్కువ. డబ్బాలో చూస్తే ఇంత ముదురా అని జంకుతాం గానీ చిటికెడు తీసుకుని పల్చగా పరిస్తే అవే సహజంగా ఉంటాయి.

సిఐ 77491 ఎర్ర ఐరన్ ఆక్సైడ్, 77492 పసుపుది, 77499 నల్లది. వేడికి, వెలుతురుకు చెక్కుచెదరవు, అలర్జీ తెచ్చే అవకాశం చాలా తక్కువ. వీటితో వచ్చే ఎరుపు మట్టిరంగులో ఉంటుంది. నిగనిగలాడే ఎరుపు కావాలంటే సిఐ 15850 కావాలి. చాలా లిప్‌స్టిక్‌ల ఎరుపు ఇదే. సాయంత్రానికి ఆక్సిడైజ్ అయ్యి నల్లబడింది అంటుంటారు చూడండి, ఎర్ర ఐరన్ ఆక్సైడ్ ఇంకా ఆక్సిడైజ్ కావడానికి ఏమీ మిగల్లేదు. పొడి రంగు రేణువులు మీ చర్మపు జిడ్డుతో తడిసి ముదురుగా కనబడటమే అది. తడిసిన గోడ ముదురుగా కనిపించే కారణం కూడా అదే.

ముఖానికి రాస్తే ఎవరి చర్మానికి తగ్గ రంగు వారికి వస్తుందని ఆకుపచ్చగానో, తెల్లగానో ఉండే స్టిక్కులు అమ్ముతున్నారు. మ్యాజిక్ ఏమీ లేదు. సిఐ 45410 అనే రంగు నీళ్లు లేని నూనెలో దాదాపు రంగు లేకుండా ఉండి, చర్మం మీద తేమ తగలగానే గులాబీగా మారుతుంది. అందరికీ వచ్చేది ఇంచుమించు ఒకే గులాబీ. కానీ ఈ రంగుకు ఒక మంచి గుణం ఉంది, చర్మానికి అంటుకుని మరకలా నిలుస్తుంది. పైనున్న నూనె స్కార్ఫ్‌కు తుడుచుకుపోయినా బుగ్గ మీద రంగు కొంత ఉంటుంది.

ఇప్పుడు శాకాహారం సంగతి. సిఐ 75470 అంటే కార్మైన్. కొచినీల్ అనే పురుగును ఎండబెట్టి తీసే ఎరుపు. ఆ పురుగు బతికేది నాగజెముడు మొక్క మీద. 18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ వాళ్లు ఈ రంగు కోసమే మద్రాసులో నాగజెముడు తోట వేయించారు, అంత గిరాకీ దానికి. చల్లని గులాబీ, బెర్రీ షేడ్లకు ఇప్పటికీ దీన్ని వాడుతున్నారు. నాణ్యతలో వంక పెట్టలేం, కొందరికి అరుదుగా అలర్జీ ఇస్తుంది, అంతే. కానీ పురుగు పురుగే. అమ్మగారికి చెప్పకుండా వాడించడం సరికాదు.

లేబుల్ చదవడానికి రెండు కిటుకులు. మన కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం ఒక శాతం కంటే ఎక్కువున్న పదార్థాలను బరువు తగ్గే వరుసలో రాయాలి. ఒక శాతం, ఆలోపు ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరుసలోనైనా రాయొచ్చు. ఆ గీత ఎక్కడ పడిందో ఎలా తెలుస్తుంది? ఫినాక్సీఎథనాల్ అనే ప్రిజర్వేటివ్ పరిమితి ఒక శాతం. లేబుల్‌లో అది కనబడితే దాని తర్వాత ఉన్న గులాబీ రేకుల సారం, కుంకుమపువ్వు సారం, విటమిన్లు అన్నీ ఒక శాతం లోపే. అట్ట మీద బొమ్మ మాత్రం గులాబీదే ఉంటుంది. నీళ్లు లేని బ్లష్‌లో ఫినాక్సీఎథనాల్ ఉండకపోవచ్చు, అప్పుడు టోకోఫెరాల్‌నో (విటమిన్ ఇ), పరిమళాన్నో గుర్తుగా పెట్టుకోండి, అవీ సాధారణంగా ఒక శాతం లోపే వేస్తాం. సిఐ అంకెలను చాలా లేబుళ్లలో చివర్న ఒక గుంపుగా రాస్తారు, అందుకని వాటి స్థానాన్ని బట్టి రంగు ఎంత ఉందో అంచనా వేయకండి.

రెండో విషయం, 30 గ్రాముల లోపు ఘన, అర్ధఘన సరుకుకు పదార్థాల జాబితా ముద్రించకపోయినా తప్పు లేదు. బ్లష్‌లు చాలావరకు 10 గ్రాములు కూడా ఉండవు. అందుకే కొన్నింటి మీద ఏమీ కనబడదు. మంచి కంపెనీలు అట్టపెట్టె మీదో, వెబ్‌సైట్‌లోనో పెడతాయి. ఎక్కడా పెట్టకపోతే నేనైతే కొనను. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న స్టిక్కర్ ఉండాలి. ఫస్ట్ కాపీ అని సగం ధరకు ఇచ్చేవాటి జోలికి వెళ్లొద్దు. రంగుల్లో సీసం 20 పీపీఎం (పది లక్షల పాళ్లలో 20), ఆర్సెనిక్ 2 పీపీఎం దాటకూడదని మన దగ్గర నియమం ఉంది. ఆ కాపీలను ఎవరు పరీక్ష చేసి చూస్తారు?

మీ జాబితాలకు వద్దాం. క్రీమ్‌లో మీరు రాసిన వరుస: కాప్రిలిక్ కాప్రిక్ ట్రైగ్లిజరైడ్, ఐసోప్రొపైల్ మిరిస్టేట్, ఆముదం, షియా బటర్, తేనెమైనం, మైకా, పరిమళం, టోకోఫెరాల్, గులాబీ సారం, తర్వాత సిఐ 77891, 15850, 77491. మొదటి నాలుగూ నూనెలే, అందులో రెండోది నేను పైన పక్కన పెట్టమన్న పేరు. జిడ్డు పీల్చే పొడి ఏదీ లేదు, పొర కట్టే రెసిన్ లేదు. ఇది ఆరదు. మీ బుగ్గ మీద పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నం మెరుస్తుంది, స్కార్ఫ్ విప్పేసరికి సగం స్కార్ఫ్‌కే ఉంటుంది. మీరు చెప్పిన షేడ్ పీచ్ కాబట్టి తెలుపు కూడా గట్టిగానే ఉంటుంది. గులాబీ సారం సంగతికొస్తే, అది పరిమళం, టోకోఫెరాల్ తర్వాత ఉంది, దాన్ని మర్చిపోవచ్చు.

స్టిక్‌లో: డైమెథికోన్, సిలికా, ఐసోడొడెకేన్, సింథటిక్ మైనం, ట్రైమెథైల్‌సైలాక్సీసిలికేట్, మైకా, క్యాండెలిల్లా మైనం, టోకోఫెరాల్, సిఐ 77491, 15850, 75470. సిలికోన్, పొడి జాతికి చక్కని ఉదాహరణ. జిడ్డు పీల్చేందుకు సిలికా రెండో స్థానంలోనే ఉంది, రెసిన్ ఉంది, పరిమళం లేదు, మీరు రాసిన షేడ్‌లో తెల్ల రంగు అసలు లేదు. మైనం ఉంది కదా అంటే ఉంది, కానీ అది చర్మంలోకి ఇంకే మైనం కాదు. మీ ముఖానికి ఇదే. కార్మైన్ అభ్యంతరమైతే అదే స్టిక్‌లో ఇంకో షేడ్ జాబితా చూడండి. కోరల్, ఇటుక ఎరుపు షేడ్లు తరచుగా ఐరన్ ఆక్సైడ్, 15850తోనే సరిపెడతారు. అన్ని షేడ్లకూ కలిపి ఒకే జాబితా ఇచ్చి, ముందు కూడిక, తీసివేత గుర్తు పెడితే మాత్రం ఏ షేడ్‌లో ఏముందో దాన్ని బట్టి తెలియదు. కంపెనీ కస్టమర్ కేర్‌కు షేడ్ నంబరుతో మెయిల్ పెట్టి అడగాలి.

అమ్మగారికి యాభై దాటాయని, చర్మం పొడిబారుతుందని రాశారు. సిలికా ఎక్కువున్న స్టిక్ ఆమె కళ్ల కింది గీతల్లో ఇరుక్కుంటుంది, బుగ్గ ఎండినట్టు కనబడుతుంది. ఆ క్రీమే ఆవిడకు హాయి. అందులో పురుగు రంగు లేదు. తేనెమైనం ఉంది, తేనె తినేవాళ్లకు అది అభ్యంతరం కాకపోవచ్చు, అయినా చెప్పి ఇవ్వండి. పీచ్ బదులు కొంచెం ముదురు షేడ్ తీసుకోండి. తడి స్పాంజ్‌ను డబ్బాలో నేరుగా ముంచొద్దని ఆవిడకు చెప్పండి. నీళ్లు లేని క్రీమ్‌లో ప్రిజర్వేటివ్ పెద్దగా ఉండదు, నీళ్లు మనం చేర్చితేనే క్రిములు చేరతాయి. ఈ విషయంలో స్టిక్ కంటే డబ్బాకే భయం ఎక్కువ, వేలు పెట్టిన ప్రతిసారీ ఏదో ఒకటి లోపలికి వెళ్తుంది.

స్టిక్‌ను బుగ్గ మీద నేరుగా గీయకండి. మైనం ఉన్న కొస కింద ఉన్న సన్‌స్క్రీన్‌ను, ఫౌండేషన్‌ను లాగేస్తుంది. చేతి వెనక రెండు సార్లు రుద్ది, వేలి వేడికి మెత్తబడ్డాక అద్దుకోండి. సన్‌స్క్రీన్ రాసి పది నిమిషాలు ఆగండి, లేకపోతే రెండూ కలిసి ఉండలు కడతాయి. బ్లష్ వేశాక స్కార్ఫ్ కట్టడానికి ముందు రెండు మూడు నిమిషాలు ఆగితే ఐసోడొడెకేన్ ఆరిపోయి పొర కుదురుకుంటుంది. స్కార్ఫ్ లోపలి వైపు నునుపు గుడ్డ ఉంటే రాపిడి ఇంకా తగ్గుతుంది. ఇంటికి వచ్చాక మామూలు ఫేస్‌వాష్‌తో ఈ రెసిన్ పూర్తిగా పోదు, ముందు క్లెన్సింగ్ బామ్ లేదా నూనెతో కరిగించి తర్వాత కడగండి. మొటిమల చర్మానికి ఏ బ్లష్ ఎంచుకున్నారన్న దానికంటే రాత్రి దాన్ని ఎంత శుభ్రంగా తీశారన్నదే ముఖ్యమని నా నమ్మకం.

పెళ్లికి ఇంకా సమయం ఉంది కాబట్టి ఇప్పుడే కొని, మోచేతి లోపలి మడతలో రోజుకు రెండుసార్లు చొప్పున వారం రాసి చూడండి. దురద, ఎర్రదనం లేకపోతే ముఖానికి వెళ్లండి. ఆ తర్వాత ఒక ఆఫీసు రోజు మొత్తం వేసుకుని చూడండి, పొద్దున ఒక ఫోటో, సాయంత్రం ఒక ఫోటో కిటికీ వెలుతురులో తీయండి. పెళ్లి రోజు పార్లర్ ఆవిడ తన కిట్‌లోని స్టిక్ తీస్తే, నేరుగా బుగ్గ మీద గీయనివ్వకండి. అంతకు ముందు ఎంతమంది పెళ్లికూతుళ్ల మీద గీశారో తెలియదు. పైపొర టిష్యూతో తుడిచి, స్పాచులాతో గీకి ప్లేట్ మీదకు తీసుకోమని మొహమాటం లేకుండా అడగండి, లేదంటే మీ స్టిక్ ఆవిడ చేతికిచ్చేయండి.